కాలువ నీరు - కౌలు రైతు

ప్రక్కనే కృష్ణవేణి పారుచుండగా గుంటూరు మండలము అన్నము లేక మాడినది. 1832-33 నాటి నందన కరవున అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు నశించిరని చరిత్రకారుల యంచనా. వానలు తప్పెను, నదీజలమును పొలమునకు మలుపు నుపాయము నాడు లేకుండెను.

బెజవాడకడ ఆనకట్ట పని 1852-లో ఆరంభమై 1855-లో ముగిసెను. పశ్చిమపు కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములకు నీరు దెచ్చినవి. వానకై యెదురుచూచిన చేలు వరి మాగాణులైనవి. 1952-లో ఆనకట్ట తెగగా, 1957 నాటికి ప్రకాశము బారేజి దాని స్థానమున నిలిచినది.

నీటికి తోడు విద్యయు వచ్చినది. 1945-లో బాపట్లయందు వ్యవసాయ కళాశాల నెలకొల్పబడెను. ఆ యూరి పరిశోధనలనుండియే 1986-లో బి.పి.టి. 5204 అను సాంబ మసూరి వెలువడి, సన్నబియ్యముగా ఇంటింటి వంటయింట జొచ్చినది.

రైతు నేర్పును దక్కువది గాదు. వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, పదునుగల మాగాణిలో మినుములు వెదజల్లుట ఈ సీమ యాచారము. దున్ననక్కరలేదు, నేలలోని చెమ్మయే చాలును. పైగా ఆ పైరు గాలిలోని నత్రజనిని నేలకు జేర్చును. ఎకరము సేద్యగానికి ఇంటికి పప్పును, అమ్ముకొన్నచో నాలుగు రాళ్లును దానివలననే. పల్లాకు తెగులు పెచ్చుపెరిగిన పిదప పలువురు మొక్కజొన్నకు మరలిరి. కాని దానికి నీరును ఎరువును హెచ్చుగా గావలెను. కాలువ చివరి చేలకు ఆ నీరు దుర్లభము.

ఇన్ని సమకూడినను ఒక లోటు మిగిలియున్నది. డెల్టా సేద్యములో పెద్ద భాగము కౌలుదారులది. కౌలు బస్తాలు ముందే నిర్ణయమగును; తుపానుకు పైరు పడిపోయినచో నష్టము వానిదే. 2011 నాటి చట్టము వానికి గుర్తింపు కార్డు నీయ యత్నించినది. 2019 నాటి చట్టము అందులకు యజమానితో వ్రాతపూర్వకమగు ఒప్పందమును గోరినది. యాజమాన్యమునకు భంగము లేదని చట్టమే పలికినను, సంతకము చేసినచో భూమి చేజారునను భయమున అనేకులు వెనుదీసిరి. కాగితము లేనివానికి బ్యాంకు అప్పును, పంట బీమాయు, నష్టపరిహారమును అందుట కష్టము. వడ్డీవ్యాపారియే వానికి గతి.

చదువరులారా! పట్టణములందుండి పల్లెలోని చెక్కను కౌలుకిచ్చినవారు మనలో నెందఱు లేరు? నాడు ఆనకట్ట కట్టుట ప్రభుత్వముచే గావలసిన పని. ఒప్పందము వ్రాసియిచ్చుట మనచే నగు పని. వచ్చు నేరువాకకు ముందే దానిని జేయుదము గాక.