నల్లబల్ల మీద రెండు తేదీలు

మన సంఘం కార్యాలయంలోకి అడుగు పెట్టగానే ఎడమచేతి గోడకున్న నల్లబల్ల సభ్యులందరికీ పరిచితమే. దాని మీద రోజుకొక చరిత్ర విశేషం రాసే పనిని కొన్నేళ్ల క్రితం కార్యవర్గం వారు నాకు అప్పగించారు. సర్వీసులో ఎక్కువ కాలం రికార్డు సెక్షనులో గడిపినవాణ్ణి గనుక తేదీలంటే నాకు మొదటినుంచీ ఒక పిచ్చి. కిందటి అక్టోబరు 12న "1875 - ఇంగ్లండు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ జననం" అనీ, మర్నాడు "1307 - ఫ్రాన్సులో టెంప్లార్ నైట్ల అరెస్టు" అనీ రాశాను. పేపరు చదువుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, "ఏమండీ సూపర్నెంటు గారూ! నిన్న మంత్రగాడు, ఇవాళ గుర్రపు రౌతులు. వీళ్లకేమైనా చుట్టరికం ఉందా, బల్ల నింపడానికి రాశారా?" అన్నారు. ఉందన్నాను. నిలబడి చెప్పే కథ కాదు గనుక ప్రత్యేక సంచికలో రాస్తానని మాట ఇచ్చాను. ఇది ఆ బాకీ.

టెంప్లార్లంటే దేవాలయం వారు. క్రూసేడు యుద్ధాల్లో క్రైస్తవుల వశమైన జెరూసలేముకు వెళ్లే యాత్రికులను దారిదోపిడీల నుంచి కాపాడటానికి, 1119 ప్రాంతంలో హ్యూగ్ ద పాయెన్ అనే ఫ్రెంచి నైటు కొద్దిమందితో ఈ సంఘం పెట్టాడు. సొలొమోను ఆలయం ఉండేదని నమ్మే చోట అక్కడి రాజు వారికి బస ఇచ్చాడు. పేరు అలా వచ్చింది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అంటూ సన్యాసుల్లా ప్రమాణం చేసేవారు. కత్తి మాత్రం వదిలేవారు కాదు. తెల్లని అంగీ, దాని మీద ఎర్రని శిలువ వారి గుర్తు.

మనబోటి వాళ్లకు వీరి యుద్ధాలకన్నా ఖజానా పని ఆసక్తిగా ఉంటుంది. యాత్రకు వెళ్లేవాడు సొమ్ము ఒకచోట వీరికి కట్టి, చీటీ తీసుకుని, దూరదేశంలో మరోచోట రాబట్టుకోవచ్చు. మన షావుకార్ల హుండీ లాంటిదే. పారిస్‌లోని వీరి భవనం చాలాకాలం ఫ్రాన్సు రాజుగారి ఖజానాగా కూడా పనిచేసింది. అంత నమ్మకం.

1291లో ఆకర్ కోట పడిపోయి, పవిత్రభూమిలో క్రైస్తవ రాజ్యం అంతమయ్యాక, వీరెందుకున్నారనే ప్రశ్న మొదలైంది. ఆస్తులు మాత్రం అలాగే ఉన్నాయి. ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్‌కు యుద్ధాలతో బొక్కసం ఖాళీ. నాణేల్లో వెండి తగ్గించాడు. 1306లో యూదులను వెళ్లగొట్టి వారి ఆస్తులు లాక్కున్నాడు. తరువాతి వంతు టెంప్లార్లది. 1307 సెప్టెంబరు 14 తేదీతో సీలు వేసిన రహస్య ఉత్తర్వులు అధికారులకు వెళ్లాయి. అక్టోబరు 12న రాజుగారి మరదలి అంత్యక్రియలలో శవపేటిక మోసినవారిలో టెంప్లార్ల అధిపతి జాక్ ద మోలే ఒకడు. మర్నాడు శుక్రవారం తెల్లవారేసరికి ఆయనా, ఫ్రాన్సు అంతటా ఆయన మనుషులూ ఖైదీలు. శుక్రవారం 13 అశుభమనే నమ్మకం ఇక్కడే పుట్టిందని చాలామంది చెబుతారు గాని, ఆ ముడి 20వ శతాబ్దంలో వేసిందే.

క్రీస్తును నిరాకరించారనీ, శిలువ మీద ఉమ్మేశారనీ, ఒక తలను పూజించారనీ నేరారోపణ. ఆ శరదృతువులో పారిస్‌లో విచారించిన 138 మందిలో నలుగురు తప్ప అందరూ ఏదో ఒక నేరం ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో తరువాత బెర్నార్డ్ ద వాదో అనే ఆయన పోపు నియమించిన సంఘం ముందు చెప్పాడు. పాదాలు నిప్పుల్లో కాల్చితే కొన్ని రోజులకు ఎముకలు ఊడి వచ్చాయని, ఆ ఎముకలు చేత్తో పట్టుకుని చూపించాడు. ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకున్నవారికి మరో శిక్ష. 1310 మే 12న అలాంటి 54 మందిని పారిస్ దగ్గర సజీవ దహనం చేశారు. 1312లో పోపు ఐదవ క్లెమెంట్ సంఘాన్ని రద్దు చేశాడు. 1314 మార్చిలో మోలే, తాము నిర్దోషులమని బహిరంగంగా చెప్పి, మంటల్లో పోయాడు.

ఆ వాంగ్మూలాల్లో, దక్షిణ ఫ్రాన్సు ఖైదీల నోట, 'బాఫోమెట్' అనే మాట ఒకటి వచ్చింది. మహమ్మద్ పేరుకు అది అపభ్రంశమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అలాంటి విగ్రహం ఏదీ దొరకలేదు. అయినా మాట మిగిలింది. 1850లలో ఎలిఫాస్ లేవీ అనే ఫ్రెంచి రచయిత ఆ పేరుకు మేక తల, రెక్కలు తగిలించి బొమ్మ గీశాడు.

ఇప్పుడు క్రౌలీ. గట్టి మతనిష్ఠ గల ఇంట పుట్టి, తండ్రి బీరు వ్యాపారపు డబ్బుతో కేంబ్రిడ్జిలో చదివి, మంత్రతంత్రాల్లో పడ్డాడు. పర్వతారోహకుడు కూడా. 1902లో కె-2 శిఖరానికి వెళ్లిన జట్టులో ఉన్నాడు. 1905లో కాంచనగంగ మీద మంచుచరియ పడి ఒక సహచరుడూ, ముగ్గురు కూలీలూ చనిపోతే గుడారం వదిలి రాలేదని నింద మోశాడు. 1912లో, టెంప్లార్ల వారసత్వం చెప్పుకునే ఒక జర్మన్ రహస్య సంఘానికి బ్రిటన్ శాఖాధిపతి అయినప్పుడు తనకు తాను పెట్టుకున్న బిరుదు 'బాఫోమెట్'! ఇదీ చుట్టరికం. 1923లో సిసిలీలోని అతని ఆశ్రమంలో ఒక యువకుడు చనిపోయాక ఇటలీ ప్రభుత్వం వెళ్లగొట్టింది. లండను పత్రిక లోకంలోకెల్లా దుర్మార్గుడని రాసింది. 1947లో చనిపోయాడు.

కాల్చిన పాదాల నుంచి పుట్టిన మాట ఆరు వందల ఏళ్లకు ఒక మనిషికి అలంకారమైంది. ఇది చదివినప్పుడల్లా నాకు మా పాత ఆఫీసు గుర్తొస్తుంది. స్టోర్సులో సరుకు తగ్గిందని ఒక అటెండరు మీద విచారణ జరిగింది. "ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది" అన్నారు పైవారు. అతను ఒప్పుకున్నట్టుగా స్టేట్‌మెంటు రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని నన్ను పిలిచారు. అతను చదవకుండానే సంతకం చేశాడు. నేనూ చదివి వినిపించలేదు. నాలుగేళ్లకు, సరుకు మరో శాఖకు పంపిన రసీదు వేరే కట్టలో నాకే దొరికింది. పైకి పంపాను. ఉత్తర్వు రద్దయింది, ఇంక్రిమెంట్లు తిరిగొచ్చాయి. కాని రిటైరయ్యే రోజు దాకా ఆఫీసులో అతని వెనకాల వినిపించిన పేరు 'స్టోర్సు దొంగ'.

టెంప్లార్లకూ ఒక రసీదు దొరికింది. 1308 ఆగస్టులో షినోన్ కోటలో పోపు పంపిన కార్డినళ్లు మోలేను, ఇతర నాయకులను విచారించి, పాపవిమోచనమిచ్చి, తిరిగి చర్చిలో చేర్చుకున్నట్లు చెప్పే పత్రం అది. వాటికన్ రికార్డుల్లో సరైన గుర్తింపు లేకుండా పడి ఉన్న దాన్ని 2001లో బార్బరా ఫ్రాలే అనే పరిశోధకురాలు పోల్చుకున్నారు. 2007లో అచ్చయింది. ఏడు శతాబ్దాలు! ఆమె కట్ట విప్పిన క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోగలను.

ఈసారి అక్టోబరు 13న బల్ల మీద అరెస్టు సంగతితో ఆపను. షినోన్ సంగతి కూడా రాస్తాను. రెండు వాక్యాలు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాయి. సుద్దముక్కలు అయిపోవచ్చాయని కార్యదర్శి గారికి మనవి.