గుడివాడ చదరంగము: గురువు, మనస్సు



చదరంగమనగానే మన పెద్దలకు రెండు తలంపులు కలుగుట కద్దు. పని లేనివారి వ్యసనమని యొకటి. రాజులును మంత్రులును ప్రొద్దుపుచ్చుటకు కల్పించుకొనిన వినోదమని రెండవది. కృత్తివెన్ను మొదలు బందరు వఱకు నేనెఱిగిన రచ్చబండలపై పులిజూదపు గీతలే కాని చదరంగపు గళ్లు కానవచ్చుట యరుదు. అట్టి సీమకు పొరుగుననే యున్న గుడివాడలో 1987 మార్చి 31వ తేదీన జన్మించిన కోనేరు హంపి పదునైదేండ్లకే ప్రపంచపు చదరంగ చరిత్రలో నిలిచినది. ఇది యెట్లు జరిగెనో విచారింతము.

ఆట మనదే. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమునందు చతురంగమును పేర్కొనియున్నాడు. ఇచ్చటినుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బుల మూలమున ఐరోపాకును బోయి, అది క్రొత్త నియమములతో మనకు మఱల వచ్చినది. అయితే ఐరోపావారు ఆటతోబాటు మఱియొక దానిని గూడ పెంచిరి. ఆడిన ప్రతి యాటను ఎత్తు వెంబడి ఎత్తు వ్రాసియుంచుట, దానిని పరీక్షించుట, శిష్యునకు బోధించుట. మనవారు ఆడిరే గాని వ్రాసియుంచుట తక్కువ.

ఈ భేదమునకు మీర్ సుల్తాన్ ఖానుని కథయే సాక్ష్యము. పంజాబునుండి తన యజమాని వెంట ఇంగ్లండునకు బోయిన యీతడు దేశవాళి నియమములతో ఆట నేర్చినవాడు. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తున రెండు గళ్లు దుముకదు. గ్రంథములు చదివినవాడు కాడు. అయినను 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు చాంపియనయ్యెను. పిమ్మట స్వదేశమునకు మరలి, పెద్ద పోటీల మొగము జూడక 1966లో మరణించెను. ప్రతిభ యొక తరముతో నడగిపోయినది; దానిని మఱియొకని చేతికందించు ఏర్పాటు లేకపోయెను. మన దేశమునకు మొదటి గ్రాండ్‌మాస్టరుగా విశ్వనాథన్ ఆనంద్ 1988లో గాని రాలేదు.

గుడివాడ కథలో అట్టి యేర్పాటు ఇంటనే యుండెను. హంపి తండ్రి కోనేరు అశోక్ స్వయముగా ఆటగాడు, వృత్తిచే అధ్యాపకుడు. పుత్రికకు పెట్టిన పేరే చాంపియనను మాటలోనుండి తీసినది. ఆమె కాఱేండ్ల వయస్సున, తండ్రి పలకపై నొక యాటను పరిశీలించుచుండగా, పిల్ల ప్రక్కనుండి ఒక ఎత్తును సూచించినదట. అనేకులు తండ్రులు ఇట్టి దానికి నవ్వి, బిడ్డను ముద్దాడి, మఱచిపోవుదురు. ఈయన మఱవలేదు. కొన్నాళ్లకు ఉద్యోగమును విడిచి, శిక్షణమే పనిగా బెట్టుకొనెను. మాసమునకింత యని నిలుకడగా వచ్చు జీతమును వదలుట యెంతటి సాహసమో సంసారులైన మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు. అదియును, ఆడుపిల్ల యాట కొఱకు!

ఫలము త్వరలోనే కానవచ్చెను. 1997లో పదేండ్లలోపు బాలికల ప్రపంచ పోటీలోను, 1998లో పండ్రెండేండ్లలోపువారి పోటీలోను, 2000లో పదునాల్గేండ్లలోపువారి పోటీలోను ఆమెయే మొదటిది. 2001లో జూనియరు బాలికలలో ప్రపంచ విజేత. 2002లో పదునైదేండ్ల ఒక మాసము ఇరువదియేడు దినముల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు బిరుదు వచ్చెను. భారత స్త్రీలలో ఆ బిరుదును మొదట పొందినది ఈమెయే. హంగెరీ దేశపు జూడిత్ పోల్గార్ 1991లో నెలకొల్పిన వయఃప్రమాణమును సుమారు మూడు మాసములతో దాటినది. 2006లో తండ్రికి ద్రోణాచార్య పురస్కారము, 2007లో పుత్రికకు పద్మశ్రీ లభించెను.

ఇక మనస్సు సంగతి. పాశ్చాత్యుల గోల్ఫు ఆటలో బంతి కదలక నేలపై నుండును. కొట్టువానికి ఆలోచించుటకు వలసినంత వ్యవధి. ఆ వ్యవధిలోనే భయము ప్రవేశించునని ఆ యాట నేర్పువారు చెప్పుదురు. అయినను గోల్ఫు ఆటగానికి సంచి మోయువాడు ప్రక్కనుండి సలహా చెప్పవచ్చును. చదరంగమున అదియును లేదు. ఆట మొదలైన పిమ్మట గురువు పెదవి కదపరాదు. నాలుగైదు గంటలు కూర్చుండి, గడియారము కరగిపోవుచుండగా, తప్పు చేసితినని తెలిసిన తరువాత గూడ తరువాతి ఎత్తును శాంతముగా వెదకవలెను. కాబట్టి గురువు నేర్పవలసినది ఎత్తులు మాత్రమే కాదు. తాను లేనప్పుడు శిష్యుడెట్లుండవలెనో అది.

తండ్రియే గురువైనచో ఇది మఱింత కష్టమని నా యభిప్రాయము. బయటి గురువు నొద్ద ఓడిన బిడ్డ ఇంటికి వచ్చి తండ్రి ఒడిలో ఏడ్వగలదు. తండ్రియే గురువైనప్పుడు ఓటమి యెవరితో చెప్పుకొనవలెను? పలక మడిచిన వెంటనే గురుత్వమును గూడ మడువగల తండ్రులు కొలదిమంది.

2011లో అల్బేనియా దేశపు టిరానా నగరమున ప్రపంచ స్త్రీల కిరీటము కొఱకు చైనాకు చెందిన హౌ యీఫాన్‌తో హంపి తలపడి, ఎనిమిది యాటలలో ఒక్కటియైనను గెలువక, రెండున్నరకు ఐదున్నరగా ఓడినది. తరువాత ప్రసూతి కారణమున సుమారు రెండేండ్లు ఆటకు దూరమైనది. ఇక ముగిసినదని పలువురు తలంచియుందురు. 2018లో బటూమి ఒలింపియాడునకు తిరిగి వచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో త్వరిత చదరంగ ప్రపంచ పోటీలో మొదటి స్థానమునకు సమానమయ్యెను. తీర్పు యాటలలో చైనాకు చెందిన లేయ్ టింగ్‌జీతో మొదటిది ఓడి, రెండవది గెలిచి, నల్లపావులతో సమము చేసినను చాలునను కడపటి యాటను సమము చేసి ప్రపంచ విజేతయైనది. 2024లో న్యూయార్కు నగరమున అదే పోటీలో మొదటి యాటనే యోడి, పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నర గుణములతో మఱల గెలిచినది. మొదట ఓడి కడకు గెలుచుట రెండు మారులు! ఆటల చరిత్రలో నాకిది బిరుదులకంటె మిన్నగా తోచును.

ఈ సీమకు హంపి యొక్కతెయే కాదు. గుంటూరి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నపట్టణపు ఒలింపియాడున నెలలు నిండిన గర్భవతియై యుండియు ఆడెను. హంపియు నాడిన ఆ జట్టు కాంస్యమును గెలిచినది.

2025 జూలైలో బటూమి నగరముననే ప్రపంచ కప్పు తుది పోరు జరిగెను. ముప్పదియెనిమిదేండ్ల హంపికి ఎదుట కూర్చున్నది నాగపురమునకు చెందిన పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖ్. హంపి గ్రాండ్‌మాస్టరైన మూడేండ్లకు గాని పుట్టని పిల్ల. రెండు దీర్ఘమైన యాటలు సమమైనవి. త్వరిత చదరంగమున మొదటిదియు సమమైనది. రెండవది దివ్య గెలిచినది. ఆ విజయముతోనే ఆమెకు గ్రాండ్‌మాస్టరు బిరుదు వచ్చెను. భారత స్త్రీలలో ఆ బిరుదు పొందినవారిలో ఆమె నాలుగవది.