గ్లైడర్లు: ఒప్పందానికి చిక్కని విద్య

1919 జూన్‌లో కుదిరిన వెర్సాయ్ ఒప్పందం జర్మనీకి సైనిక వైమానిక దళం ఉండరాదని శాసించింది. మోటారు విమానాల తయారీపై మిత్రరాజ్యాలు కొన్నేళ్లపాటు కఠిన ఆంక్షలు అమలుచేశాయి. ఇంజన్ లేని విమానాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కర్రతో, గుడ్డతో తయారై గాలివాటున తేలే గ్లైడర్ వల్ల ముప్పు రాగలదని విజేతలకు తోచలేదు.

ఆ వెసులుబాటును జర్మన్ యువత వినియోగించుకుంది. 1920లో రోన్ కొండల్లోని వాసర్‌కుప్పె శిఖరంపై ఆస్కార్ ఉర్సినస్ చొరవతో తొలి గ్లైడింగ్ పోటీలు జరిగాయి. 1922లో హానోవర్ విద్యార్థులు రూపొందించిన 'వాంపైర్' గంటకు పైగా గాలిలో నిలిచింది. ఊరూరా వెలసిన సంఘాల్లో వేలాదిమంది గాలిని చదవడం, రెక్కను అదుపులో పెట్టడం నేర్చుకున్నారు. అది అప్పటికి క్రీడే. నాజీలు అధికారానికి వచ్చాక ఆ క్రీడ రాజ్యం చేతిలోకి పోయింది. 1937 నాటికి గ్లైడింగ్ సంఘాలన్నీ ఒకే నాజీ వైమానిక సంస్థలో విలీనమయ్యాయి. 1940 మే 10 తెల్లవారుజామున బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట కప్పుపై జర్మన్ గ్లైడర్లు చడీచప్పుడు లేకుండా వాలాయి. సుమారు 85 మంది సైనికుల దాడికి అభేద్యమనుకున్న ఆ కోట మరునాడే లొంగిపోయింది.

ఆ దెబ్బతో అమెరికా మేల్కొంది. 1941లో జనరల్ హెన్రీ ఆర్నాల్డ్ గ్లైడర్ కార్యక్రమానికి నాంది పలికారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరాలో ష్వైజర్ సోదరుల సంస్థ సైన్యం కోసం టీజీ-2, టీజీ-3 శిక్షణ గ్లైడర్లను తయారుచేసింది. యుద్ధవిమానాలకు అల్యూమినియం ఆదా చేయడానికి టీజీ-3ని ప్రధానంగా కలపతో నిర్మించారు. చిక్కేమిటంటే, ఈ క్రీడా గ్లైడర్లు గాలిలో ఎక్కువసేపు తేలడానికి పుట్టినవి. సైన్యానికి కావలసింది పదమూడుమంది సైనికులతో వేగంగా నేలకు దిగే వాకో సీజీ-4ఏను నడపగల పైలట్లు. అందుకే పైపర్, ఏరోంకా, టేలర్‌క్రాఫ్ట్ తేలికపాటి విమానాల నుంచి ఇంజన్లు తీసేసి, ముక్కు భాగంలో మరో సీటు అమర్చి, వాటినే శిక్షణ గ్లైడర్లుగా మార్చారు. ఒక్కో రకంలో దాదాపు 250 తయారయ్యాయి.

యుద్ధం ముగిసేసరికి ఇవన్నీ ప్రభుత్వానికి అక్కరలేని సరుకయ్యాయి. టీజీ గ్లైడర్లను పౌరులు చౌకగా కొనుక్కున్నారు. యుద్ధానికి ముందు రెండు సీట్ల శిక్షణ గ్లైడర్లు అరుదుగా ఉన్న అమెరికాలో గురువు పక్కనుండగా నేర్చుకునే వీలు అనేక క్లబ్బులకు ఇలా దక్కింది. ఇంజన్ పోగొట్టుకున్న విమానాల్లో కొన్ని మళ్లీ ఇంజన్ తగిలించుకుని పౌర విమానాలయ్యాయి. 13,000కు పైగా తయారైన సీజీ-4ఏల కథ వేరు. వాటిని కొన్నవారిలో చాలామందికి కావలసింది గ్లైడర్ కాదు, అది ప్యాక్ చేసి వచ్చిన పెట్టెల్లోని మేలైన కలప. పెట్టెలు ఇళ్ల నిర్మాణానికి పోగా, గ్లైడర్లు మూలన పడ్డాయి.

ఈ ఔదార్యానికి మూల్యం చెల్లించినది తయారీదారు. తాము సైన్యానికి అమ్మిన గ్లైడర్లే మిగులు ధరకు తిరిగివచ్చి ష్వైజర్ కొత్త గ్లైడర్లతో పోటీపడ్డాయి. ప్రజాధనంతో పుట్టిన యంత్రం ప్రజలకు చేరడం న్యాయమే. అయితే యుద్ధ గిరాకీతో పెరిగిన పరిశ్రమ శాంతికాలంలో ఎలా నిలవాలన్న ఆలోచన ఆ పంపకంలో లేదు.

అట్లాంటిక్‌కు ఆవల విజేతలు ఈసారి పాత పొరపాటు చేయలేదు. 1945లో ఓడిన జర్మనీలో గ్లైడింగ్‌నూ నిషేధించారు. ఆ నిషేధం పశ్చిమ జర్మనీలో 1951 వరకు సాగింది. ఒకే కాలంలో, ఒకే తరహా యంత్రం అమెరికాలో ఆదివారపు వినోదం, జర్మనీలో నిషిద్ధ వస్తువు.

నిరాయుధీకరణ చర్చల్లో నేటికీ యంత్రాల జాబితాలే ముందుకు వస్తాయి. జాబితాలో లేనిది వాసర్‌కుప్పె కొండపై కుర్రవాళ్లు నేర్చిన విద్య. దానిని శాశ్వతంగా నిషేధించడం సాధ్యమూ కాదు, ధర్మమూ కాదు. ఆ విద్యను ఎవరి కోసం వాడుతున్నారో ప్రశ్నించగల రాజకీయం ఉందా లేదా అన్నదే అసలు భద్రత. 1937 జర్మనీలో ఆ ప్రశ్న అడిగే సంఘం ఒక్కటీ మిగలలేదు.