అక్షరములున్న రాళ్లు

ఖమ్మము పట్టణమునకు వచ్చువారిలో అనేకులు నరసింహస్వామిని సేవించి, కోటను మాత్రము దూరమునుండియే చూచి మరలుచుందురు. ఒక్కసారి మెట్లెక్కి చూడవలసినదని మా మనవి. కాకతీయుల కాలమునాటిదని చెప్పుకొను ఈ దుర్గమును 1531 ప్రాంతమున కులీ కుతుబ్‌షా, సీతాపతి యను షితాబుఖాను నుండి గైకొనెను. పదునెనిమిదవ శతాబ్దిలో జఫరుద్దౌలా కట్టించిన మెట్లబావిని జనులు జాఫరు బావి యనియే పిలుచుచున్నారు. గోడలకంటె ఆ బావియే మాకు ముచ్చట గొలిపినది. గోడలు శత్రువు నాపుటకు కట్టినవి గదా!

కోట నేడు ప్రభుత్వ పురావస్తు శాఖ రక్షణలో నున్నది. నిజాము రాజ్యమున అట్టి శాఖ 1914లోనే యేర్పడినది. అయినను పల్లెలలో గుడి గోడలపైనను, చెరువుగట్లపైనను ఉన్న తెలుగు శాసనములను వెదకి, చదివి, అచ్చువేయించు భారమును జీతముకొరకు గాక అభిమానముచే తలకెత్తుకొన్నవారును కలరు. 1922లో హైదరాబాదున వెలసిన పరిశోధక సంఘము, మరునాడు సంవత్సరము కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు అస్తమించిన పిమ్మట, లక్ష్మణరాయ పరిశోధక మండలి యైనది. దానికి ఊపిరియైన ఆదిరాజు వీరభద్రరావుగారు 1890లో మధిర ప్రాంతపు దెందుకూరున జన్మించిరి. అనగా ఖమ్మము సీమవారే. ఆ 1922లోనే రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలియు పుట్టినది. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదగుటచే, ఆ అడవిసీమకు అదియే చేరువ.

కూలుచున్న గోడను నిలుపుటకు ఇట్టి సంఘములకు ధనమేది? అధికారమేది? శాసన పరిశోధకుల పనిముట్లు కాగితము, నీరు, కుంచె, సిరా. రాతిని కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, అక్షరపు గుంటలలోనికి దిగునట్లు కుంచెతో మెల్లగా కొట్టుదురు. ఆరుచుండగా పైన సిరా అద్దినచో, నల్లని కాగితముపై తెల్లని అక్షరములు తేలును. రాతిపై కంటికానని గీత కూడ ఒక్కొక్కప్పుడు అందు కనబడును. అట్లు సేకరించి చదివిన శాసనములను మండలి 1935లో ‘తెలంగాణ శాసనములు’ అను సంపుటముగా ప్రకటించినది.

రాయి పగిలినను చదివిన పాఠము మిగులును. ఎవరును చదువకమునుపే పగిలినచో దానము చేసినవాని పేరును, ఊరి పేరును, చెరువు పేరును పోయినవే. ఖమ్మము, భద్రాచలము అడవిపల్లెల శ్రోతలలో ఎవరికైనను గట్టునగాని, గుడిమెట్టునగాని అక్షరములున్న రాయి కనబడినచో, దానికి సున్నము వేయవలదు, చోటు మార్చవలదు. పురావస్తు శాఖకొక కార్డు వ్రాయుడు.