విటమిన్ డి గ్రాహక జన్యువు, ముట్లుడిగాక ఎముకల సాంద్రత

విటమిన్ డి శరీరంలో పనిచేయాలంటే దాని క్రియాశీల రూపం కణాల్లోని ఒక గ్రాహక ప్రొటీన్‌కు అతుక్కోవాలి. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు మనుషుల్లో 12వ క్రోమోజోము మీద ఉంది. పేగులు ఆహారంలోని కాల్షియాన్ని పీల్చుకోవడంలో ఈ గ్రాహకం పాత్ర కీలకం. ముట్లుడిగిన స్త్రీలలో ఎవరి ఎముకలు గుల్లబారతాయో ఈ జన్యువును బట్టి ముందే చెప్పవచ్చని 1990లలో శాస్త్రవేత్తలు గట్టిగా ఆశించారు.

నేపథ్యం

బోస్టన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్, సహచరులతో కలిసి 1941లో ముట్లుడిగాక వచ్చే బోలు ఎముకల వ్యాధిని వివరించి, ఈస్ట్రోజెన్ లోపంతో దానికి ముడిపెట్టాడు. అయితే ఈస్ట్రోజెన్ ఆ వయసులో అందరికీ తగ్గుతుంది, ఎముకలు అందరికీ విరగవు. ఈ తేడాలో వంశపారంపర్యానికి పెద్ద వాటా ఉందని 1970, 80లలో కవలలపై జరిగిన అధ్యయనాలు చూపాయి. 1988లో మానవ గ్రాహక జన్యువు క్రమం తెలిసింది. విటమిన్ డికి లొంగని ఒక అరుదైన రికెట్స్‌కు ఆ జన్యువులోని లోపాలే కారణమని అదే ఏడాది తేలింది. జన్యువు చెడితే ఎముక ఇంతగా దెబ్బతింటున్నప్పుడు, అందులోని మామూలు తేడాలకూ ఎంతోకొంత ఫలితం ఉండాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది.

సిడ్నీ పరిశోధన

సిడ్నీలోని గార్వన్ సంస్థకు చెందిన నైజెల్ మారిసన్, జాన్ ఐస్మన్ బృందం 1994 జనవరిలో ‘నేచర్’ పత్రికలో సంచలన ఫలితాలు ప్రకటించింది. బీఎస్ఎం-1 అనే ఎంజైమ్ ఈ జన్యువును ఒకచోట కత్తిరిస్తుంది. అక్కడ డీఎన్ఏ అక్షరం మారి ఉంటే కత్తిరించలేదు. తెగే రూపానికి చిన్న బి అనీ, తెగని రూపానికి పెద్ద బి అనీ పేర్లు పెట్టారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ పెద్ద బి వచ్చినవారి ఎముకలు పలచగా ఉన్నాయనీ, సాంద్రతపై జన్యు ప్రభావంలో 75 శాతం దాకా ఈ తేడాతోనే వివరించవచ్చనీ ఆ బృందం పేర్కొంది.

అమెరికాలో కవలలపై జరిగిన మరో అధ్యయనంలో ఆ ఏడాదే ఈ సంబంధం కనిపించలేదు. తాము పరిశీలించిన కవలల నమూనాల్లో కొన్నింటి జన్యురూపాలు తప్పుగా నమోదయ్యాయనీ, అసలు ప్రభావం చాలా చిన్నదనీ 1997లో సిడ్నీ బృందమే అదే పత్రికలో సవరణ ప్రచురించింది. ఈలోగా పరిశోధకుల దృష్టి ఎఫ్ఓకే-1 అనే మరో తేడా మీదికి మళ్లింది. దీన్ని బట్టి గ్రాహక ప్రొటీన్‌లో 427 అమైనో ఆమ్లాలు గానీ 424 గానీ ఉంటాయి. పొట్టి రూపం కాస్త చురుకైనదని ప్రయోగశాలల్లో గమనించారు.

పెద్ద అధ్యయనాల కాలం

చిన్న బృందాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంతో ఐరోపా పరిశోధకులు జీనోమోస్ పేరిట చేతులు కలిపారు. 26,242 మంది సమాచారాన్ని పరిశీలించి, బీఎస్ఎం-1, ఎఫ్ఓకే-1 తేడాలకు ఎముకల సాంద్రతతో గానీ విరుగుళ్లతో గానీ సంబంధం లేదని 2006లో ప్రకటించారు. ఆ తర్వాత జన్యుపటం మొత్తాన్నీ జల్లెడ పట్టే పద్ధతి వచ్చింది. దానితో సాంద్రతను ప్రభావితం చేసే 56 స్థానాలు 2012 నాటికి బయటపడ్డాయి. 2019లో బ్రిటన్ బయోబ్యాంక్ సమాచారం ఆ సంఖ్యను 518కి చేర్చింది. ఒక్కో స్థానం ప్రభావం స్వల్పమే.

రక్తంలో విటమిన్ డి స్థాయిని నిర్ణయించే జన్యువులు కొన్ని 2010లో తెలిశాయి. పుట్టుకతోనే ఆ స్థాయి కాస్త తక్కువగా ఉండే జన్యురూపం కలవారికి ఎముకలు ఎక్కువగా విరుగుతున్న దాఖలా 2018 నాటి విస్తృత విశ్లేషణలో కనబడలేదు. అయితే తీవ్రమైన విటమిన్ డి లోపం ఎముకను మెత్తబరుస్తుందన్నది వేరే సంగతి. ముట్లుడిగిన దక్షిణాది స్త్రీలలో ఈ విటమిన్ కొరత విస్తారంగా ఉందని తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకుడు 2005లోనే నివేదించారు.

ప్రస్తుత స్థితి

ఈ జన్యువును పరీక్షించి బోలు ఎముకల వ్యాధిని ముందుగా చెప్పే పద్ధతి వైద్యంలో స్థిరపడలేదు. తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షే నేటికీ ఆధారం. అందులో టి-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతుల సగటు సాంద్రతతో పోల్చిన కొలత) మైనస్ 2.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే వ్యాధిగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్దేశించింది. తల్లికి తుంటి విరిగిన చరిత్ర ఉందా, పొగతాగే అలవాటు ఉందా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా అన్నవి కూడా వైద్యులు అడుగుతారు. వంశపారంపర్యంగా వచ్చినదాన్ని మార్చలేకపోయినా కాల్షియం ఉన్న ఆహారం, ఒంటికి ఎండ, నడక, అవసరమైతే మందులు ఏ జన్యురూపం ఉన్న స్త్రీకైనా మేలు చేస్తాయి.