ఎరుపు ఎక్కడ వుంది?

మన సాహిత్య విమర్శ రంగుల్ని చాలా తేలిగ్గా వాడేస్తుంది. ఎరుపంటే విప్లవం, తెలుపంటే శాంతి, నలుపంటే దుఃఖం. ఈ మూడు సమీకరణాలతో సగం కవిత్వాన్ని వివరించేసి చేతులు దులుపుకుంటాం. ఒక కవితా సంపుటిలో "ఎరుపు" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ లెక్కతో కవి నిబద్ధతను తూచిన వ్యాసం ఒకటి పడుచు వయసులో నేనే రాశాను. ఆ తూనిక తప్పని నాకు నేర్పింది సౌందర్యశాస్త్ర గ్రంథం కాదు. బంక కలిపిన నాలుగు రంగు సీసాలూ, బందరులో బోర్డులు రాసే ఒక పెద్దాయనా నేర్పారు. ఆ పాఠాన్నీ, దాని వెనక వున్న చరిత్రనూ రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు వుంచడమే ఈ వ్యాసం వుద్దేశం.

1978లో బందరు దగ్గర అద్దకం పనివాళ్ల కూలి రేట్ల మీద ఒక సభ తలపెట్టాం. పోస్టర్లు రాసే పని నా మీద పడింది. ముదురాకుపచ్చ నేల మీద చిక్కటి ఎర్రని అక్షరాలతో ఇరవై కాగితాలు రాశాను. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట పరిచి చూస్తే అక్షరాల అంచులు అదురుతున్నట్టున్నాయి. కళ్లు చెదిరాయి. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. పనివాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లే దారి పొడుగునా గోడలకు అంటించాం.

సభకు రావలసినవాళ్లలో నాలుగో వంతు కూడా రాలేదు. తరవాత కనబడి అడిగితే ఒకాయన అన్నాడు: "గోడ మీద నల్లకాగితాలు చూశాం బాబూ. అక్షరాలేవీ కనబళ్లేదు." నేను నమ్మలేదు. మర్నాడు దీపాలు పెట్టే వేళకు వెళ్లి నిలబడ్డాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆకుపచ్చ నేల మసక మసగ్గా తెలుస్తోంది గాని, ఎర్రని అక్షరాలు నల్లబడి అందులో కలిసిపోయాయి. ఆ యేడు కూలి రేటు పెరగకపోవడానికి నా పోస్టరే కారణమని చెప్పను. కాని ఆ కారణాల్లో అది ఒకటి కాదని గట్టిగా చెప్పగల ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

బోర్డులు రాసే పెద్దాయన దగ్గరికి ఒక పోస్టరు పట్టుకెళ్లాను. దాన్ని ఒక్కసారి చూసి పక్కన పెట్టేశాడు.

"ఎండలో రాసుకున్నావు, ఎండలోనే చూసుకున్నావు. వాళ్లు చూసేది ఎప్పుడు?"

"పని దిగాక, బాబాయ్. చీకటి పడే వేళ."

"చీకటి పడితే ముందు పోయేది ఎరుపే అబ్బాయ్. నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలబడతాయి. ఈ మాత్రం తెలియకుండా బ్రష్షు ఎందుకు పట్టావు?"

ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. చాలా ఏళ్ల తరవాత నాకు తెలిసిందేమంటే, సరిగ్గా ఇదే విషయాన్ని బొహీమియా శరీర శాస్త్రవేత్త పుర్కిన్యే 1825లో గ్రంథస్థం చేశాడు. శాస్త్రం దానికి ఆయన పేరే పెట్టింది. పట్టపగలు రంగుల్ని గుర్తించే కణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు. ఈ రెండో రకం కణాలకు ఎరుపు దాదాపు కనబడదు. బందరు గోడల మీద సాయంత్రాలు బోర్డులు రాసిన మనిషికి అది జీవనాధారంలో భాగంగా తెలుసు. జ్ఞానం మీద పేరు వేయించుకునేవాళ్లు ఒకరు, దాన్ని చేతుల్లో మోసేవాళ్లు ఇంకొకరు. రంగుల చరిత్ర పొడుగునా ఈ తేడా మనకు ఎదురవుతూనే వుంటుంది.

ఆ తరవాత కొన్ని నెలలు సాయంత్రాలు ఆయన దగ్గర కూచున్నాను. మేం వాడినవి పోస్టరు రంగులు. చిత్రకారులు గువాష్ అనేదానికి ఇవి దగ్గరి చుట్టాలు. రంగుపొడి, తుమ్మ జాతి చెట్ల బంక, నీళ్లు. పారదర్శకత పోయేందుకు రంగుపొడి ఎక్కువ వేస్తారు, లేదా సుద్దలాంటి తెలుపు కలుపుతారు. మామూలు నీటిరంగులో కాగితం తెలుపు అడుగునుంచి మెరుస్తుంది. గువాష్‌లో ఆ మెరుపు సాయం వుండదు. పూసిన రంగు గోడలా నిలబడుతుంది. అందుకే రంగుల సంబంధాలు నేర్చుకోవడానికి ఇంతకంటే నిక్కచ్చి సాధనం లేదు. పేరు ఫ్రెంచిది గాని పద్ధతి మనకు కొత్తది కాదు. మొగలాయి, దక్కను సూక్ష్మచిత్రాలు వేసింది బంక కలిపిన ఇలాంటి దట్టమైన నీటిరంగులతోనే.

మొదటి పాఠం సహనం. గువాష్‌లో లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురు రంగులు ఆరాక కాస్త లేతబడతాయి. నిన్న కలిపిన రంగుకు ఇవాళ జోడీ కలపాలంటే తడిని చూసి నిర్ణయిస్తే దెబ్బ తింటాం. "తడిలో తీర్పు చెప్పకు" అనేవాడాయన. రెండో పాఠం, పేరు ఒకటే అయినంత మాత్రాన రంగు ఒకటి కాదు. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుందని బళ్లో చెప్పారు. ఎరుపు వైపు మొగ్గిన నీలాన్ని పసుపులో కలిపితే బురద పచ్చ వచ్చింది. ఆకుపచ్చ వైపు మొగ్గిన నీలాన్ని కలిపినప్పుడు లేత వరిచేను కనబడింది. ఎరుపులో ఆకుపచ్చ కలుపుతూ పోతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని బూడిదరంగు మిగిలింది.

మూడోది అసలు పాఠం. నలుపూ తెలుపూ కలిపి ఒకే బూడిదరంగు చేయించాడు. దాంతో రెండు చిన్న చతురస్రాలు వేయించాడు. ఒకటి ఎర్ర నేల మీద, రెండోది ఆకుపచ్చ నేల మీద. ఆరాక చూస్తే ఎరుపు మీదున్నది పచ్చగా మొగ్గింది, ఆకుపచ్చ మీదున్నదానికి ఎర్రజీర వచ్చింది. రెండూ ఒకే గిన్నెలోవి. నా చేత్తో నేను పూసినవి. చుట్టూ వున్న నేలల్ని కాగితం ముక్కలతో కప్పితే మళ్లీ రెండూ ఒకటే అయ్యాయి. ఏ రంగూ ఒంటరిగా కనబడదు, పక్కనున్నదాన్ని బట్టి దాని మొహం మారుతుంది. రంగుల సిద్ధాంతమంతా ఈ వాక్యం చుట్టూ తిరుగుతుందని తరవాత చదివినకొద్దీ తెలిసింది.

ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టింది? పుస్తకాలు న్యూటన్‌తో మొదలుపెడతాయి. ఆయన పట్టకంతో తెల్లని వెలుతురును విడగొట్టి, 1672లో రాయల్ సొసైటీకి రాసి, 1704లో 'ఆప్టిక్స్' గ్రంథం వెలువరించాడు. కిరణాలకు స్వయంగా రంగు లేదని, రంగు అనే అనుభూతిని కలిగించే శక్తి మాత్రమే వాటికి వుందని ఆయనే అన్నాడు. 1810లో గోథే తన రంగుల గ్రంథంలో న్యూటన్‌ను ఎదిరించాడు. కాంతి విషయంలో ఓడిపోయాడు గాని, రంగు నీడలు, కన్ను మూసినా మిగిలే ప్రతిబింబాలు చూపించి చూసే కంటిని కూడా లెక్కలోకి తెచ్చాడు. వెలుతురులు కలపడం, రంగుపొడులు కలపడం వేరు వేరు క్రియలని 1852లో హెల్మ్‌హోల్ట్జ్ తేల్చాడు. నీలి, పసుపు వెలుతురులు కలిస్తే తెలుపు రావచ్చు. అవే రంగుపొడులైతే ఆకుపచ్చ వస్తుంది.

కాని "పక్కరంగు" సూత్రం పుట్టింది ప్రయోగశాలలో కాదు, కార్ఖానాలో. 1824లో రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌ను పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతిగా వేశారు. అక్కడ ఒక ఫిర్యాదు ఆయన కోసం కాచుకుని వుంది. నీలి, వూదా వస్త్రాల మడతల్లో నీడ చూపడానికి వాడే నల్లవున్ని వెలిసినట్టు కనబడుతోందట. తప్పు అద్దకం వాళ్ల మీద పడింది. షెవ్రోల్ ఇతర కార్ఖానాల నల్లవున్ని తెప్పించి పోల్చాడు. తేడా లేదు. అద్దకంలో లోపం లేదు. నీలం పక్కన నిలబడ్డ నలుపుకు నీలానికి విరుద్ధమైన నారింజ ఛాయ తగిలి, కంటికి అది వెలసినట్టు కనబడుతోంది. ఈ అన్వేషణే 1839లో ఆయన మహాగ్రంథమైంది. దెలక్రువా, సెరా వంటి చిత్రకారులు దానినుంచి నేర్చుకున్నారు. చరిత్రలో షెవ్రోల్ పేరు నిలిచింది, న్యాయంగానే నిలిచింది. కాని ఆ ప్రశ్న లేవనెత్తిన పనివాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

బందరువాడిగా ఈ కథ నాకు పరాయిది కాదు. మా అద్దకంలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన రసంతో నల్లగీత గీస్తారు. పటిక నీళ్లతో అచ్చు వేసినప్పుడు అక్కడ ఇంకా ఎరుపు లేదు. ఆ గుడ్డను చిరివేరు నీళ్లలో వుడికిస్తే పటిక తగిలిన చోట ఎరుపు లేచి నిలబడుతుంది. అదే వేరు ఇనుము తగిలిన చోట వూదా, నలుపుల వైపు పోతుంది. ఎరుపు వేరులో వుందా, పటికలో వుందా? రెండింటి కలయికలో వుంది. రంగు ఒక సంబంధమని మా పనివాళ్ల చేతులకు శతాబ్దాలుగా తెలుసు. ఆ ఎరుపు కోసమే 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో దిగింది. మన అద్దకం గుడ్డల పోటీకి భయపడి ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. మరోపక్క 1742లో కోరమాండల్ తీరం నుంచి కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతగురువు అద్దకం మర్మాలన్నీ వివరంగా స్వదేశానికి రాసి పంపాడు. ఆ వుత్తరం కేర్దూ పేరు మీద వుంది. చెప్పినవాళ్లు అద్దకందార్లు.

మిగతా కథ పెట్టుబడిది. 1856లో పద్దెనిమిదేళ్ల పెర్కిన్ క్వినైన్ కోసం వెతుకుతూ తారు నుంచి వూదారంగు తీశాడు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా చేశారు. దాంతో ఎరుపు వేర్లకు కాలం చెల్లింది, చిరివేరు తవ్వేవాళ్ల పనీ పోయింది. నీలిమందు కథ ఇంకా క్రూరం. తోటల యజమానుల మీద బెంగాల్ రైతులు 1859లో తిరగబడ్డారు. దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' 1860లో వచ్చింది. 1897లో జర్మన్ కృత్రిమ నీలి బజారుకెక్కింది. అయినా 1917 నాటికి చంపారన్ రైతు మెడ మీద ఆ కాడి అలాగే వుంది. తారు రంగుల పరిశ్రమకు పునాది అయిన "అనిలిన్" అనే మాటలో దాక్కున్నది మన "నీల" శబ్దమే. అరబ్బీ, పోర్చుగీసు భాషల మీదుగా అది అంత దూరం వెళ్లింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. రంగు పక్కదాన్ని బట్టి, వెలుతురును బట్టి మారేదైతే దానికి వాస్తవికత ఏముంది, ఇది చివరికి భావవాదం కాదా అని. కాదు. నా బూడిదరంగు చతురస్రం ఎరుపు మీద పచ్చబడటం నా ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదు. మామూలు చూపున్న ఎవరు చేసినా అదే జరుగుతుంది. ముందుగా వూహించి చెప్పవచ్చు, లెక్కగా వాడుకోవచ్చు. వస్తువుల్లాగే సంబంధాలు కూడా వాస్తవమే. రంగుకు శాశ్వతమైన అర్థం వుందనేదే నిజానికి భావవాదం. ఎరుపులో విప్లవం పుట్టుకతోనే వుందనుకోవడం అలాంటిదే. పెళ్లికూతురి నుదుటా ఎరుపే, తాకట్టు దుకాణం బోర్డు మీదా ఎరుపే.

ఈ సంగతి బాగా తెలిసిన కవి మయకోవ్‌స్కీ. 1919 నుంచి రెండేళ్లకు పైగా మాస్కోలో రోస్తా వార్తాసంస్థ కోసం చెరెమ్నిఖ్ తదితరులతో కలిసి ఆయన పోస్టర్లు వేశాడు, వాటికి పద్యాలు రాశాడు. ముద్రణకు కాగితం, యంత్రాలు చాలని రోజులు. అట్టలు కత్తిరించి స్టెన్సిళ్లు చేసి, కొద్దిపాటి రంగులతో చేత్తో అద్ది, ఖాళీ పడిన దుకాణాల అద్దాల వెనక పెట్టేవారు. అవి దారినపోయేవాడికి క్షణంలో అందాలి. అందువల్ల ఎరుపు పక్కన ఏముండాలి, ఎంత ఖాళీ వదలాలి అన్నది అక్కడ శిల్పచర్చ మాత్రమే కాదు, కార్యక్రమం.

మన కవిత్వానికి దీనితో ఏం పని? చాలా పని వుంది. "ఎర్రజెండా" అన్న మాటను మరో పది ఎర్రమాటల మధ్య పెడితే అది ఆకుపచ్చ మీద నా అక్షరాల కన్నా ఎక్కువగా మాయమవుతుంది. బూడిదరంగు జీవితం నాలుగు పంక్తులు నిజంగా రాసి, ఐదో పంక్తిలో ఒక్క ఎర్రచుక్క పెట్టినవాడి ఎరుపు కళ్లలో మిగిలిపోతుంది. విమర్శకుడు లెక్కపెట్టవలసింది మాటను కాదు, చూడవలసింది దాని పక్కనున్నదాన్ని. అంతకంటే ముఖ్యంగా, పాఠకుడు ఏ వెలుతురులో చదువుతున్నాడో అడగాలి. మనం గది మధ్యాహ్నంలో రాసుకుంటాం. అతను పని దిగి, అలిసి, మసక చీకట్లో నడుస్తూ చూస్తాడు. అర్థం కాలేదని అతను అన్నప్పుడు అతని చైతన్యాన్ని తప్పుపట్టడం మనకు అలవాటు. గోబెలిన్‌లో అద్దకం వాళ్లను తప్పుపట్టినట్టే అది కూడా.

తరవాతి యేడు మళ్లీ సభ పెట్టాం. ఈసారి లేత పసుపు నేల మీద దట్టమైన నల్ల అక్షరాలు రాశాను. ఎరుపు ఒకే చోట వాడాను, తేదీ కింద గీతకు. అంటించే ముందు ఒకటి గోడకు ఆనించి, పెద్దాయనా నేనూ వీధి అవతల అరుగు మీద కూచుని చీకటి పడేదాకా ఆగాం. గీత ముందు నల్లబడింది. అక్షరాలు మాత్రం దీపాలు వెలిగేదాకా చదవగలిగాం.

"ఇక అంటించుకో" అని లేచి లోపలికి వెళ్లిపోయాడాయన.