ఒక గింజలో ముగ్గురు

కడప జిల్లా లింగాల దగ్గర చీనీ అంట్లు పెంచే ఒక పెద్దాయన నారుమడిలో వేలు గుచ్చి మట్టి పక్కకు తీశాడు. మూడు మొలకలు. మూడింటి కాళ్లూ ఒకే గింజ తొక్కలో ఇరుక్కుని ఉన్నాయి. "ఒగ గింజకే మూడొచ్చినాయి నాయనా. ఈ జాతిలో ఇంతే" అన్నాడు. ఆ పూట నుంచి ఆ గింజ నన్ను వదల్లేదు.

దీన్ని మొదట గమనించినవాడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. హాలెండులోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి. నేత నాణ్యం చూసుకునే వర్తకుల చేతిలో భూతద్దం ఉండడం మామూలే. ఈయన తన అద్దాలు తానే అరగదీసుకుని నీటిచుక్కలో, పంటి పాచిలో, చివరికి 1677లో వీర్యంలో కూడా కదిలే ప్రాణుల్ని చూశాడు. ఆ రోజుల్లో పెద్ద తగువొకటి నడుస్తోంది. పుట్టబోయే జీవి అంతా ముందే తయారై చిన్నదిగా దాగి ఉంటుందని, ఆ తర్వాత జరిగేది పెరగడమేనని పండితుల నమ్మకం. అది దాగింది అండంలోనా వీర్యంలోనా అన్నదే వాదం. లీవెన్‌హుక్‌ది వీర్యం పక్షం. అలాంటి మనిషి 1719లో, 86 ఏళ్లు దాటిన వయసులో, నారింజ గింజ విప్పితే లోపల ఒకటికి మించి పిండాలు కనిపించాయి. ఒక గింజకు ఒక మొక్క అన్న లెక్క అక్కడ చెదిరింది.

ఇంకో ముచ్చట. డచ్చివాళ్లు నారింజను 'సినాస్‌ఆపెల్' అంటారు, చైనా ఆపిల్ అని అర్థం. మన కడప రైతు చీనీ అంటాడు, అదీ చైనా పేరే. మిగతా తెలుగువాళ్ల బత్తాయి జావాలోని డచ్చి పట్నం బటావియా నుంచి వచ్చిన పేరంటారు. ఆ పట్నాన్ని ఏలిన డచ్చి వర్తక కంపెనీయే 1605 నుంచి మన మచిలీపట్నంలో వర్తకం చేసింది. డెల్ఫ్ట్ ముసలాయన బల్లమీది గింజకూ లింగాల నారుమడికీ ఇంత చుట్టరికం ఉందని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ పాత తగువుకొస్తే, అవయవాలు ముందే ఉండవనీ, ఒకదాని తర్వాత ఒకటి ఏర్పడతాయనీ 1759లో వోల్ఫ్ అనే శాస్త్రవేత్త వాదించాడు. నారింజ గింజ ముడి మాత్రం 1878 దాకా విడలేదు. విప్పింది జర్మనీలో స్ట్రాస్‌బుర్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. పుప్పొడి కలిసి పుట్టే పిండం ఒక్కటే. మిగతావి దాని చుట్టూ ఉన్న తల్లి కణజాలం నుంచే మొలుచుకొస్తాయి. అంటే వాటికి తండ్రి లేడు, అవి తల్లికి అచ్చు నకళ్లు. గాంధారి పిండం నూటొక్క ముక్కలైనా ఆ నూటొక్కరూ ఎవరికి వారే. ఇక్కడ పిల్లలంతా తల్లే.

అయినా పసితనం నుంచి వీటికి మినహాయింపు దొరకదు. రక్తం తల్లిదే అయినా గింజ నుంచి వచ్చిన మొక్క పసితనం అనుభవించి తీరాలి. ఒళ్లంతా పొడుగాటి ముళ్లు, నిటారు ఎదుగుదల, ఏడెనిమిదేళ్లు గడిచినా పూత కనపడకపోవచ్చు. ఈ ఓపిక లేనివాళ్లకు అంటు కట్టడమే దారి. నారుమడిలో వేరు కోసం పెంచిన రంగపూర్ నిమ్మ మొక్క పెన్సిలంత లావయ్యాక కాండం మీద టీ ఆకారంలో గాటు పెడతారు. కాపుకొచ్చిన సాత్‌గుడి రకం చీనీ చెట్టు కన్ను తెచ్చి అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుడతారు. ఆ కన్ను పసితనం దాటిన కన్ను. నాలుగైదేళ్లకే కాపు. లింగాల తోటల్లో చీనీ చెట్టుకు వేరు వయసు వేరు, తల వయసు వేరు.

రైతును తప్పుపట్టను. బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియని సీమలో, అప్పు తెచ్చి నాటినవాడు పదేళ్లు ఎలా ఆగుతాడు? కానీ పోగొట్టుకున్నదేమిటో చెప్పుకోవాలి. కన్నుతో పాటు తల్లిచెట్టు వైరస్‌లు కూడా కొత్త చెట్టుకు వస్తాయి. గింజ దాటి వచ్చిన నకలుకు మాత్రం అవి చాలావరకు అంటవు. కాలిఫోర్నియా వాళ్లు ఈ కిటుకు పట్టుకునే ముదిరిన రకాలకు గింజల ద్వారా కొత్త ఒంట్లు ఇచ్చారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మహేశ్వరి, రంగస్వామి అనే వృక్షశాస్త్రవేత్తలు 1958 నాటికే ఆ తల్లి కణజాలాన్ని గాజు గొట్టంలో పెంచారు. ముళ్ల ఏళ్లు వృథా కాలం కాదు, చెట్టు తనను తాను కడుక్కుని మళ్లీ మొదలుపెట్టే కాలం. ఇప్పుడు కొత్త తోటంటే అంటు తోటే. గింజ చెట్టు వేద్దామనే మాటే ఎక్కడా వినపడదు. కనీసం ప్రతి ఊళ్లో గట్టు మీద ఒక్క గింజ చెట్టునైనా ముదరనివ్వాలని నా కోరిక.

పెద్దాయన ఆ మూడింట్లో లావుగా, తోటివాటిలాగే ఉన్నదాన్ని ఉంచాడు. "ఎచ్చుతగ్గులుండేవి పీకేయాల నాయనా, అంటు సరిగా కుదరదు" అంటూ మిగతా రెండూ లాగి గట్టున పడేశాడు. నకళ్లన్నీ ఒకేలా పెరుగుతాయి. తేడాగా, పీలగా ఉన్నదే తరచూ పుప్పొడి కలిసి పుట్టిన బిడ్డ. గట్టున పడ్డవాటిలో పీలగా ఉన్నది, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్న ఆ ఒక్కటే కావచ్చు. దాన్ని తీసి జేబురుమాలు తడిపి చుట్టుకున్నాను. ఇప్పుడు మా పెరట్లో మోకాలెత్తు ఉంది, నిండా ముళ్లే.